ప్రార్థన రోజున చల్లబడని ఫ్రిజ్

ఫిబ్రవరి 5, ఆదివారం

యావన్మంది బంధుమిత్రులకు, సంఘ సభ్యులకు విచారముతో తెలియజేయునది ఏమనగా, నిన్న శనివారం సాయంత్రం సిడ్నీ నగరం, టూంగాబీలోని రాయప్పగారి అద్దె స్వగృహమందు రెండు లీటర్ల మామిడిపండు ఐస్‌క్రీమ్ ప్రభువునందు నిద్రించినది. భూస్థాపన కార్యక్రమం వంటింటి సింకులో జరిగినది. దయచేసి పూలదండలు తేవద్దు. చెంచాలు అసలే తేవద్దు.

రాయప్పని నేనే. నలభై ఎనిమిదేళ్ళు. మాది రేపల్లె పక్క. ఎనిమిదో క్లాసులో బడి మానేసి నిజాంపట్నం ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాను. ఇక్కడికొచ్చాక వేర్‌హౌస్‌లో పెట్టెలు మోశాను. ఇక మొయ్యనని భుజం స్ట్రయిక్ చేసింది. మా ఆవిడ మరియరాణి వెస్ట్‌మీడ్‌లో నర్సు. టేఫ్ అనే చేతిపనుల కాలేజీలో చేరండి, ఫ్రిజ్‌లు ఏసీలు బాగుచేసే సర్టిఫికెట్ చెయ్యండి, ఐస్ మీకు చిన్నప్పట్నుంచీ చుట్టమేగా అంది. అలా నేను స్టూడెంట్‌నయ్యాను. మా అమ్మాయి ఎల్సా యూనివర్సిటీకి వెళ్తుంటే నేనూ బ్యాగు తగిలించుకుని క్లాసుకి వెళ్తున్నాను. ఈ డైరీ కూడా అది వదిలేసి వెళ్ళిందే. 2019ది. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను.

ఫ్రిజ్ మెకానిక్ చదివేవాడింట్లో ఫ్రిజ్ చెడిపోయింది. నిన్న మా ఇంట్లో కాటేజ్ ప్రేయర్, అంటే సంఘమంతా ఇంటికొచ్చి చేసే ప్రార్థన. వచ్చినవాళ్ళంతా ఐస్‌క్రీమ్‌ని గ్లాసుల్లో తాగారు, మిగిలింది సింకు పాలైంది. బ్రదర్, మిల్క్‌షేక్ చాలా బాగుంది అన్నారు పాస్టర్‌గారు. రెసిపీ అడిగితే అది కూడా చెప్పాను. మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది. ఆ తర్వాత ఇటు తిరిగింది. అప్పుడు నవ్వులేదు.

ఫిబ్రవరి 6, సోమవారం

ఫ్రిజ్ దానంతటదే బాగయిపోయింది. నేను చదివేది ఏం చదువో దానికెవరో చెప్పుంటారు.

ఫిబ్రవరి 7, మంగళవారం

మా మాస్టారు ఆస్ట్రేలియావాడే, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు. అందరూ పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాదు, మాస్టారూ అనే పిలుస్తాను. అది తన ముద్దుపేరు అనుకుంటున్నాడు.

ఈసారి అసైన్‌మెంట్‌కి స్పానర్ అక్కర్లేదట. క్లాసుకో ఆన్‌లైన్ హెల్ప్ ఫోరమ్ ఉంది. అందులో ప్రతివాడూ ఒక నిజమైన ఫ్రిజ్ గురించి ఒక నిజమైన ప్రశ్న పోస్టు చెయ్యాలి. చదివినవాడు తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా జవాబు చెప్పగలగాలి. ఎవడైనా తిరిగి అడిగాడా, ఆ పోస్టు పోయినట్టే. రేపు నువ్వు ఏ కోల్డ్‌రూమ్ ముందో నిలబడి సీనియర్‌కి ఫోన్ చేస్తావు, నువ్వు చెప్పిన దాన్నిబట్టే అతను మనసులో ఫ్రిజ్ చూడాలి అన్నాడు మాస్టారు. మూడు ఛాన్సులు. ఆఖరి తేదీ మార్చి పది. తప్పితే ఈ యూనిట్ మళ్ళీ వచ్చే ఏడాదే.

ఇక్కడ ఫెయిల్ అనరు. సాటిస్‌ఫాక్టరీ అంటారు, లేకపోతే, ఇంకా కాలేదన్నట్టు, నాట్ యెట్ సాటిస్‌ఫాక్టరీ అంటారు. ఎంత మర్యాద. మా ఎనిమిదో క్లాసు లెక్కల మాస్టారికి ఈ మాట తెలిసుంటే నేను బడి మానేవాణ్ణే కాదేమో.

ఇంటికొచ్చి చూస్తే హాల్లో గోడకి ఖాళీ ఫ్రేము వేలాడుతోంది. కేమార్ట్‌లో కొనిందట. సర్టిఫికెట్ రాగానే పెడదామంది మా ఆవిడ. ఇంకా పదినెలలుందే అన్నాను. మేకు కొట్టడం అయినా అయిపోయిందిగా అంది.

ఫిబ్రవరి 9, గురువారం

మొదటి పోస్టు పెట్టాను. టైటిల్, అర్జెంట్ అర్జెంట్ ప్లీజ్ హెల్ప్ సర్.

ముందు అందరికీ వందనాలు చెప్పాను. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాశాను. మాస్టారి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాను. నా గురించి చెప్పాను, ఐస్ ఫ్యాక్టరీ గురించి చెప్పాను, ఐస్‌క్రీమ్ అంత్యక్రియలు వర్ణించాను. పాస్టర్‌గారి ముగింపు ప్రార్థన రెండు గంటలు నడిచిందని కూడా రాశాను. ఉన్నపళంగా నాకిది కావాలి అని అడిగితే ఏం బాగుంటుంది? మా ఇళ్ళల్లో పంచదార అప్పు కావాలన్నా ముందు పావుగంట కూర్చుంటాం.

ఒక పేజీన్నర అయింది. నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 10, శుక్రవారం

ఏం మోడలని ఒకడు అడిగాడు. ఏం చెడిందని ఇంకొకడు అడిగాడు. ఫ్రీజరా, కిందిదా అని వేరొకడు. నోవా అనే కుర్రాడు, నీకు కావాల్సింది రిపేరా, ఓదార్పా అని అడిగాడు. నా పక్కన కూర్చునే జశ్వంత్ వరంగల్ పిల్లాడు. అందరి ముందూ ఇంగ్లీషులో మర్యాదగా రాసి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. అంకుల్, మొత్తం సదివిన, మస్తుంది, గని ప్రశ్న ఏడుంది అన్నాడు.

మళ్ళీ చదివాను. ప్రశ్న రాయడం మర్చిపోయాను.

నాట్ యెట్ సాటిస్‌ఫాక్టరీ. మా ఆవిడకి ఆ మాట తెగ నచ్చింది. పొద్దున్నుంచీ నన్ను అదే పేరుతో పిలుస్తోంది. నాట్ యెట్ గారూ, టీ చల్లారిపోతోంది అంటోంది.

ఫిబ్రవరి 18, శనివారం, పొద్దున

ఈ సాయంత్రం మళ్ళీ మా ఇంట్లో ప్రేయర్. రెండు వారాలకోసారి మా వంతు. కుర్చీలు మా సంఘంలోని మెల్విన్ వాళ్ళింటినుంచి తెచ్చాను. సోఫాని బెడ్‌రూమ్‌లోకి తోశాను. చికెన్‌కి అల్లం వెల్లుల్లి నూరాను. మా ఆవిడ బీరువాలోంచి వాళ్ళమ్మ కుట్టిన గుడ్డ తీసి, ఇస్త్రీ చేసి, ఫ్రిజ్‌కి కప్పింది. పైనుంచి ముందుకి జానెడు, వెనక్కి కిందదాకా వేలాడుతుంది. అంచంతా ద్రాక్ష గుత్తులు, మధ్యలో రొట్టె. అడిలైడ్‌లో మాసన్ లేక్స్‌లో మా బావమరిది ఇంట్లో ఉంటారు మా అత్తగారు. ఎల్సా కూడా అక్కడే ఉండి చదువుకుంటోంది. ప్రేయర్ టైముకి అది అమ్మమ్మ ముందు ఫోన్ పెడుతుంది. మేమిక్కడ ఫోన్‌ని ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబెడతాం. ఆ గుడ్డ ఉన్న రోజున మా ఆవిడ కాస్త పొడుగ్గా కనిపిస్తుంది.

ఫిబ్రవరి 19, ఆదివారం

ఫ్రిజ్ మళ్ళీ వెచ్చబడింది. పెరుగు పులిసింది. మధ్యలో రెండు వారాలూ శుభ్రంగా పనిచేసింది. పాస్టర్‌గారు గడప తొక్కారో లేదో మొదలుపెట్టింది.

ఈసారి సూటిగా రాశాను. పాస్టర్ వచ్చినప్పుడల్లా నా ఫ్రిజ్ వేడెక్కుతోంది, రానప్పుడు బాగానే ఉంటోంది, ఎందుకు? అంతే. వందనాలు లేవు, మోకాలు లేదు. ఒక్క అబద్ధం కూడా లేదు. అలా రాయడం నా జీవితంలో ఇదే మొదటిసారి అనుకుంటా.

ఫిబ్రవరి 21, మంగళవారం

క్లాసు క్లాసంతా ముప్ఫై నవ్వు బొమ్మలు పెట్టింది.

వాళ్ళ తప్పు కాదు. మొదటి వారంలో నోవాకి ఒక మాట చెప్పాను. మా దేశంలో కంప్రెసర్ ముందు పాట పాడి, అది ఏ స్వరంలో తిరిగి మోగుతుందో బట్టి జబ్బు పట్టేస్తాం అన్నాను. పాపం, వర్క్‌షాప్ మధ్యలో నిలబడి పాడేశాడు. అప్పట్నుంచి నేను గుడ్ మార్నింగ్ అన్నా నిజంగా తెల్లారిందో లేదోనని కిటికీలోంచి తొంగి చూసుకుంటున్నారు.

మాస్టారు కూడా నవ్వాడు. జోక్ బాగుంది, ప్రశ్న బాగాలేదు అన్నాడు. జోక్ కాదు మాస్టారూ అంటే ఇంకా నవ్వాడు. ఎంత వేడెక్కింది, ఎంతసేపు, నువ్వేం చేసి చూశావు, ఇవేవీ లేవు అన్నాడు. నాట్ యెట్.

ఇక ఒక్కటే ఛాన్సు.

నిజం చెప్తే నమ్మలేదు. నవ్వొస్తోంది. మామూలుగా వచ్చే నవ్వు కాదు.

ఫిబ్రవరి 23, గురువారం

ఇవాళ మా ఆవిడకి సెలవు. సాయంత్రం బాల్కనీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నా రెండు పోస్టులూ చదివించుకుంది. వార్డులోంచి డాక్టర్‌కి ఫోన్ చేస్తే తనెలా చెప్తుందో చెప్పింది. నేను ఫలానా, ఫలానా మంచం దగ్గర్నుంచి. ఇప్పుడు జరుగుతున్నది ఇది. దీనికి ముందు ఇలా ఉండేది. నేను చూసింది ఇది, చేసింది ఇది. మీరు నాకు చెయ్యాల్సింది ఇది. అంతే, డాక్టర్‌కి టీ తాగే టైము కూడా ఉండదండీ అంది.

ఏదీ మీ పేషెంట్ గురించి చెప్పండి అంది.

పేషెంట్ చాలా మంచిది, తెల్లగా ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో బ్లాక్‌టౌన్ నుంచి వచ్చింది, వాళ్ళ పాత ఓనరు... అంటూ మొదలుపెట్టాను.

పేషెంట్ గురించి అడిగితే పేషెంట్ వాళ్ళ పెదనాన్న గురించి చెప్తారేంటండీ అని చిక్కుడుకాయ విసిరింది. జ్వరం ఎంత? మీకు తెలీదు. ఎప్పుడు పెరుగుతోంది? రోజుకోసారి చూశారా? లేదు. మరి ఏం చూశారు? పాస్టర్‌గారిని చూశారు.

రెండు డాలర్ల షాపుకెళ్ళి థర్మామీటర్ తెచ్చాను. నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పేషెంట్ క్షేమం.

మార్చి 4, శనివారం, సాయంత్రం ఐదు

క్లాసులో అందరూ అనేది ఒకటే. ముప్ఫైమంది వస్తే డోర్ ముప్ఫైసార్లు తెరుస్తారు, చల్లదనం పోతుంది. సరే, చూద్దాం. ఇవాళ ఫ్రిజ్ డోర్‌కి పసుపు టేపు అడ్డంగా వేసి, పోలీసు విచారణలో ఉంది అని కాగితం అంటించాను. డ్రింకులన్నీ బయట ఎస్కీ అనే ఐసుపెట్టెలో ఐసు పోసి పెట్టాను. థర్మామీటర్ వైరు లోపల, ముఖం బయట. ఫోన్‌లో ఎల్సా ఆ టేపు చూసి, డాడ్, వై ఆర్ యూ లైక్ దిస్ అంది. దాని వెనకనుంచి మా అత్తగారు, అల్లుడుగారు ఏం చేశారే మళ్ళీ అంటున్నారు.

మార్చి 4, అదే రోజు, తొమ్మిది

డోర్ ఒక్కసారి కూడా తెరవలేదు. పన్నెండు డిగ్రీలు.

డోర్ కాదు. జనం కాదు. పాస్టర్‌గారు అసలే కాదు, ఇవాళ ఆయన రాలేదు. జలుబట.

మార్చి 5, ఆదివారం, ఆర్వో (ఇక్కడివాళ్ళు మధ్యాహ్నాన్ని అలాగే అంటారు)

మరియరాణి డ్యూటీకెళ్ళింది. మూడో పోస్టు రాయడానికి కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే రాశాను. ఇప్పుడు జరుగుతున్నది, ముందు జరిగింది, చూసింది, చేసింది. మామూలు శనివారానికీ ప్రార్థన శనివారానికీ తేడాలేమిటో గుర్తుచేసుకుంటూ రాశాను. కుర్చీలు. సోఫా. ఎదురుగా ఫోను. చికెను.

ఫ్రిజ్ మీద

ఇక్కడిదాకా రాసి పెన్ను పెట్టేశాను.

మార్చి 6, సోమవారం

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

మార్చి 7, మంగళవారం

ఎంతైనా చేసి చూశావా అని అడుగుతారు కదా. క్లాసు నుంచి రాగానే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా తీసి ఆ గుడ్డ కప్పాను. మా ఫ్రిజ్ పాతది, వేడంతా వెనక ఉన్న సన్నగొట్టాల్లోంచి బయటికి పోవాలి. మా వంటింట్లో దాన్ని మూడువైపులా గోడలున్న గూట్లో ఇరికించారు. ఆ వేడి పైకి పోయేది వెనకున్న జానెడు సందులోంచే. సరిగ్గా అక్కడే ద్రాక్ష గుత్తులు వేలాడుతున్నాయి. గొట్టం మీద చెయ్యి పెట్టలేకపోయాను. థర్మామీటర్ ఎక్కింది. గుడ్డ తీశాను. దిగింది. మళ్ళీ మడతపెట్టి, ఏ మడత మీద ఏ మడత ఉందో అలాగే బీరువాలో పెట్టాను.

ఏమని చెప్పాలి? వాళ్ళమ్మ కుట్టిన గుడ్డ. మా పెళ్ళయి ఈ దేశం వచ్చేటప్పుడు సూట్‌కేసులో బియ్యం తగ్గించుకుని తెచ్చుకుంది. అందరూ ఫోటోలు తీసుకుంటారు. ప్రతి ప్రార్థనకీ వాళ్ళమ్మ ఫోన్లో అటే చూస్తుంది.

ఈ యూనిట్ వచ్చే ఏడాది మళ్ళీ చదివితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఫ్రేము ఖాళీగా ఉంటుంది. అంతే.

మార్చి 8, బుధవారం

పొద్దున మా ఆవిడ నా బీపీ చూసింది. రెండుసార్లు చూసింది. నాలుక చాపమంది. రెండు రోజుల్నుంచి ఒక్క వేళాకోళం కూడా లేదు, గుండెలో ఏమన్నా ఉందా, దాచకండి అంది. షూలో ఐస్ ముక్క కూడా వెయ్యలేదు మీరు అంది. ఆమె కళ్ళల్లో నిజంగానే భయం ఉంది.

మార్చి 9, గురువారం

ఇచ్చేశాను. ఫోన్ ఆమె చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. పక్కింటాయన బార్బెక్యూ పొయ్యి వెలిగిస్తుంటే ఆ పొగ వంక శ్రద్ధగా చూశాను.

పోస్టులో రాసింది ఇది. నా ఫ్రిజ్ గుడ్డ లేని రోజు నాలుగు డిగ్రీలు, పైనా వెనకా గుడ్డ కప్పిన రోజు పన్నెండు. డోర్ మూసే ఉంచి చూశాను, తేడా లేదు. వేరే రోజు గుడ్డ కప్పి తీసి చూశాను, ఎక్కింది, దిగింది. ఫ్రిజ్ గూట్లో ఉంది, బయటికి జరపడానికి చోటు లేదు. గుడ్డ తీసెయ్యమనే జవాబు వద్దు. అది నా భార్యకి వాళ్ళమ్మ కుట్టింది. అది ఉన్న రోజు ఆమె ముఖం వేరేగా ఉంటుంది. నా ప్రశ్న, గుడ్డ ఉండాలి, ఫ్రిజ్ చల్లగా ఉండాలి, వెనక ఎంత ఖాళీ వదలాలి, ఎలా కప్పాలి?

చాలాసేపు పట్టింది. వచ్చి నా పక్కన నిలబడింది.

పేషెంట్‌కి జబ్బు నావల్లే అని తెలిసి కూడా రెండు రోజులు దాచారా అంది. వార్డులో ఇలా దాచేవాళ్ళని నేనేం చేస్తానో తెలుసా అంది. ఏం చేస్తావన్నాను. భుజం మీద తల పెట్టింది. స్ట్రయిక్‌లో ఉన్న భుజమే. ఏమీ అనలేదు అది.

ముఖం వేరేగా ఉంటుందన్న మాట తీసేస్తాను, క్లాసులో అందరూ చదువుతారు అన్నాను. తియ్యొద్దు అంది. డాక్టర్‌కి అది కూడా తెలియాలి అంది. పోస్టు చేసే బటన్ తనే నొక్కింది.

మార్చి 10, శుక్రవారం

తిరిగి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా.

జవాబు రాసింది జశ్వంత్. గుడ్డని వెనక్కి కాకుండా ముందుకే వేలాడేలా కప్పండి, వెనక సందు, పైన గాలి పోయే దారి పూర్తిగా వదిలెయ్యండి, జారకుండా ముందు అంచుకి రెండు క్లిప్పులు పెట్టండి. కింద నోవా ఒక బొమ్మ గీసి పెట్టాడు. ఫ్రిజ్, గుడ్డ, బాణాలు. ఆ బొమ్మలో ఫ్రిజ్ పాట పాడుతోంది.

సాటిస్‌ఫాక్టరీ.

మాస్టారు నా పోస్టు క్లాసులో నిలబడి చదివి వినిపించాడు. మంచి ప్రశ్న ఏది అంటే, ఏం కావాలో చెప్పేది మాత్రమే కాదు, ఏం వదులుకోలేమో కూడా చెప్పేది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జశ్వంత్ ఈల వేశాడు.

మార్చి 12, ఆదివారం

ఎల్సాకి ఆ పోస్టు ఎవరు పంపారో తెలీదు. మరియరాణే అయ్యుంటుంది. అది అమ్మమ్మకి తన తెలుగులో మొత్తం చదివి చెప్పిందట. మా అత్తగారు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టాం. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని నిలబడింది.

అమ్మా రాణీ, ఏమనుకోవద్దు, అడుగుదామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా అన్నారు మా అత్తగారు. నేను కుట్టింది భోజనాల బల్లకే గదా, మధ్యలో రొట్టె గూడా కుట్టా. దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌కి కప్పావేంటే అన్నారు.

నువ్వెప్పుడూ అడగలేదేంటమ్మా అంది మా ఆవిడ.

అక్కడి పద్ధతేమో అనుకున్నా, సిడ్నీలో అంతా అలాగే కప్పుకుంటారేమో, అడిగితే బాగోదని ఊరుకున్నా అన్నారు ఆవిడ.

వెనకనుంచి ఎల్సా నవ్వు. లిటరల్లీ నోబడీ ఆస్క్‌డ్, లిటరల్లీ, అంటోంది.

మార్చి 18, శనివారం

ప్రేయర్ అయింది. గుడ్డ బల్ల మీద వేశాం. రొట్టె బొమ్మ మీద రొట్టె పెట్టాను, కనపడకుండా పోయింది, పాస్టర్‌గారు వెతుక్కున్నారు. ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, చెంచాలు వంగాయి. ఫోన్‌ని బల్లకి ఎదురుగా పెట్టాం. మా అత్తగారు ప్రార్థనలో కళ్ళు తెరిచే ఉంచారు. మరియరాణి ముఖం వేరేగానే ఉంది. గుడ్డ ఫ్రిజ్‌కి దూరంగా ఉన్నా కూడా.

అందరూ వెళ్ళాక నాకు అన్నం పెడుతూ, సాటిస్‌ఫాక్టరీ గారూ, ఇంకాస్త వేసుకోండి అంది.

మార్చి 19, ఆదివారం

జరిగిందే చెప్పాలని మా ఆవిడ నేర్పింది కాబట్టి రాస్తున్నాను. నోవా పాడలేదు, కూనిరాగం తీశాడు. పాస్టర్‌గారి ముగింపు ప్రార్థన పది నిమిషాలే. ఐస్‌క్రీమ్ సగం నేను ముందే తినేశాను, నిద్రించింది మిగతా సగం. మాస్టారు నా పోస్టు చదివి వినిపించలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏం వదులుకోలేమో అన్న మాట నాది. బల్లగుడ్డ సంగతి మాత్రం నిజం. అంత మంచిది కల్పించడం నావల్ల కాదు.

నిన్న మా ఆవిడ నన్ను సాటిస్‌ఫాక్టరీ గారూ అనలేదు. ఇంకా నాట్ యెట్ గారూ అనే అంటోంది.